ఇంటిలో గాలి, కప్పులో వేడి

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి తూర్పునకు సాగినచో హయత్‌నగర్, దానికి ఆవల అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చును. గోలకొండ సుల్తానుల కాలమున బందరు రేవుకు పోవు బాటసారులు ఈ దిక్కుననే నడచిరి. హయత్‌నగరునకు ఆ పేరు అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియైన హయాత్ బక్షీ బేగము వలన వచ్చినది. ఆమె పేరనున్న మసీదు నేటికిని అచట నిలిచియున్నది. మసీదు ముందు విశాలమైన ఆవరణము, దాని చుట్టును ప్రయాణీకులు దిగుటకు కట్టిన కమానుల గదుల వరుసలు, దగ్గరలో ఏనుగుల బావియని ప్రసిద్ధికెక్కిన పెద్ద బావి - ఇది 17వ శతాబ్దపు సరాయి. బండ్లు విప్పి, ఎద్దులకు నీరు చూపి, ఎండ దిగువరకు మనుష్యులు ఈ గదులలో విశ్రమించెడివారు.

ఆ సరాయికి కొద్దిదూరముననే, 2016లో మండల కేంద్రమైన అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుప్రక్కల, నేడు వరుసలు తీరిన కొత్త ఇండ్లు లేచినవి. 120 గజముల స్థలము, ఇటుక గోడ, పైన అరడుగు మందము కూడ లేని కాంక్రీటు కప్పు. గృహప్రవేశమునకు ముందే యజమాని అడుగు ప్రశ్న ఒకటే: ఏ గదికి ఎన్ని టన్నుల ఏ.సి. పెట్టవలెను? సరాయి కట్టిన మేస్త్రీకి ఈ ప్రశ్న లేదు. అతడు యంత్రమును గూర్చి గాక, గోడను గూర్చి ఆలోచించినాడు. ఈ రెండు ఆలోచనల నడుమ దాదాపు నాలుగు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. అందులో మన మేస్త్రీలే కాక మ్యూనిచ్ వైద్యుడు, లండన్ శరీరశాస్త్రజ్ఞుడు, మంచులో మునిగియుండు కెనడా దేశపు ఇంజనీర్లు కూడ పాత్రధారులు.

ముందుగా గోడ సంగతి. ఎండ తగిలిన రాతిగోడ వెలుపలి ముఖము వెంటనే వేడెక్కును. ఆ వేడి లోపలి ముఖమును చేరుటకు కాలము పట్టును. గోడ మందమైన కొలది ఆలస్యము పెరుగును, చేరిన వేడి తగ్గును. మూర మందమున్న రాతిగోడలో ఈ ఆలస్యము పది గంటలకు అటునిటుగా ఉండును. మధ్యాహ్నపు వేడి గది లోపలికి వచ్చునప్పటికి అర్ధరాత్రి కావచ్చును. అప్పుడు బయట గాలి చల్లబడియుండును గనుక కమానుల గుండ వీచు గాలి ఆ వేడిని ఎత్తుకొనిపోవును. అనగా గోడ పగలు అప్పు చేసి, రాత్రి తీర్చును. పలుచని కాంక్రీటు కప్పులో ఈ ఆలస్యము మూడు నాలుగు గంటలు మాత్రమే. ఒంటిగంట ఎండ నాలుగున్నరకు, సరిగా పిల్లలు బడినుండి ఇల్లు చేరునప్పటికి, నెత్తిమీద దిగును.

కప్పును గూర్చి ఇంకొక మాట. హైదరాబాదు ఉత్తర అక్షాంశము 17 డిగ్రీలకు కొంచెము పైన ఉన్నది. కాబట్టి సంవత్సరమునకు రెండుమార్లు, మే 9 ప్రాంతమున ఒకసారి, ఆగస్టు మొదటి వారమున మరొకసారి, మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిలువుగా నాటిన కర్రకు ఆ క్షణమున నీడ పడదు. బడి ఆవరణలో ఒక కర్ర నాటి ఏ ఉపాధ్యాయుడైనను దీనిని చూపవచ్చును. ఆ దినములలో గోడలపై పడు ఎండ ఏటవాలుగా జారిపోవును. కప్పుపై పడునది నిలువుగా పడును. మే నెల మధ్యాహ్నము చదరపు మీటరుకు దాదాపు 900 వాట్ల శక్తి. 120 గజములనగా సుమారు 100 చదరపు మీటర్లు. అంత కప్పు కలిగిన ఇల్లు 90 విద్యుత్ పొయ్యిలను, ఒక్కొక్కటి 1000 వాట్లది, నెత్తిన పెట్టుకొన్నట్లు. అందులో కొంత తిరిగి పైకి ప్రసరించును, కొంతను గాలి తీసికొనిపోవును. పదింట ఒక వంతు మాత్రమే లోపలికి దిగినదనుకొన్నను 9000 వాట్లు. ఈ అంకె గుర్తుంచుకొనదగినది. తరువాత దీనితో పని ఉన్నది.

పాత ఇండ్ల కప్పులు ఈ లెక్క తెలియకయే లెక్కకు సరిపోయినవి. తెలంగాణపు మిద్దెలో దూలముల మీద కర్రలు పరచి, పైన జానెడు, మూరెడు మన్ను వేసి దిమ్మిస చేసినారు. పెంకుటింట గూనపెంకుల సందుల గుండ వేడిగాలి పైకి జారిపోయెడిది. గవాచులను గోడలో ఎత్తున పెట్టుటకు కారణము కూడ ఇదే: వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును, దానికి పైన దారి యున్నచో క్రింది దర్వాజ గుండ కొత్తగాలి తనంతట వచ్చును. మండువా లోగిలిలో నడుమనున్న ఖాళీ ఆకాశమును చూచుచుండును. రాత్రివేళ ఇంటి వేడిని నిర్మలాకాశమునకు అప్పగించును. డంగు సున్నపు పూత, తాండూరు, షాబాదు బండల నేల, రాత్రి వాకిట మంచములు - అన్నియు ఒకే ఏర్పాటులోని భాగములు. అయితే ఈ ఏర్పాటును మరీ ఆకాశమునకెత్తుట కూడ సరికాదు. మట్టిమిద్దె వానకు కారును, ఏటేట మన్ను వేయవలెను. తేళ్ళును చెదలును అందులోనే కాపురము చేయును. వంటగది పొగతో స్త్రీల కండ్లు ఎర్రబడిన ఇండ్లు అవియే. కాంక్రీటు కప్పు వచ్చినప్పుడు జనులు సంతోషించినదానికి కారణము లేకపోలేదు.

గోడలు, కప్పు చాలని చోట నీరు ఆదుకొన్నది. వట్టివేళ్ళ తడికను ద్వారమునకు కట్టి, దానిపై నీళ్ళు చల్లుచుండిన, దాని గుండ వచ్చు పడమటి వడగాలి చల్లనై, సువాసనతో లోపలికి వచ్చును. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు దాదాపు 580 కాలరీల వేడి కావలెను. ఆ వేడిని నీరు గాలినుండి తీసికొనును. ఇట్లు గాలి ఎంతవరకు చల్లబడగలదో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము చెప్పును. మే నెలలో గాలి 40 డిగ్రీలు, తేమ నూటికి 25 పాళ్ళు ఉన్నప్పుడు ఆ తడి ఉష్ణమాపకము 24 డిగ్రీల దగ్గర నిలుచును. అంటే 16 డిగ్రీల అవకాశము. జూలైలో గాలి 31 డిగ్రీలే అయినను తేమ 70 పాళ్ళకు చేరును; తడి ఉష్ణమాపకము 26 దాటియుండును. అవకాశము 5 డిగ్రీలకు మించదు. నేటి ఇండ్లలోని కూలర్ ఈ తడికయే, విద్యుత్తుతో తిరుగు పంకా చేర్చుకొన్నది. ఆషాఢము రాగానే అది చల్లదనమునకు బదులు జిడ్డును పంచుట దాని దోషము కాదు, గాలి స్వభావము. 19వ శతాబ్దమున ఆంగ్లేయ దొరల బంగళాలకు తగిలించిన థర్మాంటిడోటు అను చెక్కపెట్టె కూడ ఇటువంటిదే. నౌకరు చక్రము త్రిప్పుచుండ, తడి వేళ్ళ గుండ గాలి లోపలికి తోయబడెడిది. చల్లదనము దొరది, చెమట నౌకరుది.

ఇంతవరకు వేడి. ఇంటిలోనికి గాలి ఎందులకు రావలెను అను ప్రశ్న వేరు. దీనిని శాస్త్రీయముగా అడిగినవారు చలిదేశములవారు. కిటికీ తెరచిన చలి, మూసిన ఉక్క - వారికి ప్రతి శీతకాలమును ఇదే సంకటము. వారి గ్రంథములలో తరచు కనుపించు ఉదాహరణము మాత్రము మన దేశముదే. 1756 జూన్ 20వ తేదీ రాత్రి కలకత్తా కోటలోని ఇరుకు గదిలో బందీలను కుక్కగా తెల్లవారునప్పటికి పెక్కుమంది చనిపోయినారు. బ్రతికి బయటపడిన హాల్వెల్ అను అధికారి 146 మంది లోపలికి పోయిరని వ్రాసినాడు. ఆ సంఖ్య అతిశయోక్తియని తరువాతి చరిత్రకారుల అభిప్రాయము. ఏమైనను, అంతమంది శ్వాసించుటచే గాలి విషమైనదని, బొగ్గుపులుసు వాయువే వారిని చంపినదని వంద సంవత్సరములపాటు ఐరోపా వైద్యులు చెప్పుచు వచ్చిరి.

1858లో మ్యూనిచ్ నగరమున మాక్స్ ఫన్ పెటెన్‌కోఫర్ ఈ విషయమునకు ఒక కొలత కట్టినాడు. గదిలోని గాలిలో బొగ్గుపులుసు వాయువు వెయ్యింట ఒక వంతునకు మించినచో ఆ గాలి నివాసయోగ్యము కాదన్నాడు. ఆ వాయువే విషమని అతడు అనలేదు. అది ఒక గుర్తు మాత్రమే. మనుష్యుల ఊపిరి, చెమట, ఇతర దుర్గంధములు ఎంతవరకు పేరుకొన్నవో దానివలన తెలియును. ఈ కొలత నేటికిని వాడుకలో నున్నది. పెటెన్‌కోఫర్ నాడు బయటి గాలిలో ఈ వాయువు పదిలక్షలకు మూడు వందల లోపే యుండెను. నేడు 420 దాటినది. అతడు గీచిన గీత కదలలేదు గాని, గీతకు క్రిందనున్న నేల లేచినది.

1905లో బ్రెస్లౌ నగరమున ఫ్లూగె అను శాస్త్రజ్ఞుడును, అతని శిష్యుడు పౌలును చేసిన ప్రయోగము చాల సులభమైనది, చాల తెలివైనది. గాలి చొరని చిన్న గదిలో మనుష్యులను కూర్చుండబెట్టినారు. కొంతసేపటికి వారికి తలనొప్పి, ఉక్క, కడుపులో త్రిప్పుట ఆరంభమైనవి. అప్పుడు ఒక గొట్టము ద్వారా బయటి శుభ్రమైన గాలిని వారి నోటికి అందించినారు. బాధ తగ్గలేదు. మరియొకనిని గది బయట నిలబెట్టి, లోపలి కుళ్ళిన గాలినే గొట్టముతో పీల్పించినారు. అతనికి ఏమియు కాలేదు. అనగా బాధపడునది ఊపిరితిత్తులు కాదు, చర్మము. శరీరము నిమిషనిమిషమును పుట్టించు వేడి బయటికి పోలేక నిలిచిపోవుటయే ఆ ఉక్క.

కొన్ని సంవత్సరములకు లండన్‌లో లియొనార్డ్ హిల్ దీనిని మరింత స్పష్టముగా చూపినాడు. ఏడెనిమిదిమంది విద్యార్థులను ఒక చిన్న గదిలో మూసినాడు. ప్రాణవాయువు తగ్గి అగ్గిపుల్ల కూడ వెలుగని స్థితి వచ్చినది. విద్యార్థుల ముఖములు కందినవి, చెమటలు కారినవి. అప్పుడు గాలిని మార్చలేదు. లోపలనున్న విద్యుత్ పంకాలను త్రిప్పినారు, అంతే. ఆ చెడిన గాలియే కదలగా వారికి ప్రాణము లేచివచ్చినది. పంకాలు ఆపగానే మరల త్రిప్పుమని బ్రతిమాలినారు. శరీరమునుండి వేడి ఎంత త్వరగా పోవుచున్నదో కొలుచుటకు హిల్ కాటా ఉష్ణమాపకమను పరికరమును కూడ తయారుచేసినాడు.

ఈ ప్రయోగములు మన పైకప్పు పంకాకు వ్రాసిన శాస్త్రము. పంకా గాలిని చల్లబరచదు. మోటారు వేడి వలన గది రవ్వంత వేడెక్కును కూడ. చెమటపై గాలి కదలునట్లు చేసి మనిషిని చల్లబరచును. అందుచే ఎవరును లేని గదిలో పంకా తిరుగుట శుద్ధ దండుగ. హుస్సేన్‌సాగరము ఒడ్డున విద్యుదుత్పత్తి కేంద్రము 1920లో వెలసిన తరువాత నగరపు ఇండ్లలోనికి పంకాలు క్రమముగ వచ్చినవి. పంకా త్రాడు లాగు నౌకరు ఉద్యోగము పోయినది. పాతరకము పంకాకు 75 వాట్లు కావలెను; కొత్తగా వచ్చిన బ్రషులు లేని మోటారు పంకాకు 30 వాట్లు చాలును.

ఏ.సి. యంత్రము పుట్టుక వేరొక దారి. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతమున ఒక అచ్చు కార్యాలయములో తేమకు కాగితము ఉబ్బి రంగులు కలియకపోవుచుండగా విల్లిస్ కారియర్ ఆ తేమను అదుపు చేయుటకు యంత్రమును రూపొందించినాడు. మనుష్యుల సుఖము తరువాత వచ్చినది. అయితే ఉష్ణదేశములోని ఇంటిని యంత్రముతో చల్లబరచవలెనను తలంపు అంతకు అరశతాబ్దము ముందే ఉన్నది. స్కాట్లండు ఖగోళశాస్త్రజ్ఞుడు పియాజీ స్మిత్ గాలిని అణచి, చల్లార్చి, మరల వ్యాకోచింపజేసి ఉష్ణమండలపు గదులను చల్లబరచవచ్చునని ప్రతిపాదించినాడు. 1852లో విల్లియం థామ్సన్, అనగా తరువాతి లార్డ్ కెల్విన్, అదే యంత్రమును తిరగవేసినచో ఇంటిని వెచ్చబరచుటకు కూడ పనికివచ్చునని, బొగ్గును నేరుగా కాల్చుటకన్న అది పొదుపని లెక్క కట్టినాడు. చలిదేశములవారు నేడు ఇండ్లలో పెట్టుకొనుచున్న హీట్ పంపు ఇదే. బయటి గాలి గడ్డకట్టు చలిలో నున్నను దానిలోని వేడిని పీల్చి ఇంటిలోనికి ఎక్కించును. ఒక పాలు విద్యుత్తుకు రెండు మూడు పాళ్ళ వేడి లభించును. మన ఏ.సి.ని గోడలో వెనుకకు త్రిప్పి పెట్టినట్లే.

ఏ.సి. కొలతలోని టన్ను అను మాట విద్యార్థులను తరచు తికమక పెట్టును. యంత్రము బరువు కాదది. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటలలో కరగునప్పుడు తీసికొను వేడికి సమానమైన వేడిని తొలగించు శక్తి. సుమారు 3500 వాట్లు. యంత్రములు రాక పూర్వము మంచుగడ్డయే సరకు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుండి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన ఓడ నాలుగు నెలలు ప్రయాణించి చెరువుల మంచును కలకత్తాలో దించినది. మద్రాసు సముద్రతీరమున ఆ మంచును నిలువచేయుటకు కట్టిన ఐస్ హౌస్ నేటికిని ఉన్నది. మంచు కరగకుండ దానికి కట్టిన దుప్పటి రంపపుపొట్టు. పొట్టులో చిక్కుకొన్న కదలని గాలియే ఆ మంచును కాపాడినది.

కదలని గాలి వేడిని ఆపునను ఈ చిన్న సంగతిపైననే చలిదేశపు కొత్త ఇల్లు నిలిచినది. అక్కడి పాత ఇల్లు మంటపై ఆధారపడినది. 18వ శతాబ్దమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇనుప పొయ్యిని, 1796లో కౌంట్ రమ్‌ఫర్డు లోతు తగ్గించి గొంతు ఇరికించిన పొయ్యిగూటిని ప్రచారము చేసినారు. ఇద్దరి ఉద్దేశమును ఒకటే: పొగగొట్టము గుండ ఆకాశమునకు పోవు వేడిని గదిలోనికి మరలించుట. తరువాత బొగ్గు కొలుములు, చమురు కొలుములు నేలమాళిగలో చేరినవి. ఇంధనము చవకగా నున్నంతకాలము ఇంటి సందులను ఎవరును లెక్కచేయలేదు. 1973లో చమురు ధర నాలుగు రెట్లు కాగానే ఆ సందులు కనబడినవి.

కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్రమున, శీతకాలమున సున్నకు క్రింద 30 డిగ్రీలకు దిగు రెజైనా పట్టణములో, 1977లో ఒక ప్రయోగపు ఇల్లు కట్టినారు. హెరాల్డ్ ఆర్, రాబర్ట్ బెసంట్, రాబ్ డ్యుమోంట్ మొదలైనవారు దాని రూపకర్తలు. సౌరశక్తితో వెచ్చబడు ఇల్లు కట్టుడని ప్రభుత్వము కోరగా, వారు ముందు గోడలను చూచినారు. అడుగు మందమున ఉష్ణనిరోధకమైన దూది వంటి పదార్థము, కప్పున ఇంకను మందముగా. గోడలోపల సందులేని ప్లాస్టికు పొర. మరి ఊపిరి? సందులన్నియు మూసిన ఇంటిలో తేమ, వంట వాసన, బొగ్గుపులుసు వాయువు పేరుకొనును గదా. దానికి వారు ఒక పెట్టె చేసినారు. ప్లాస్టికు రేకులను పొరలు పొరలుగ పేర్చి, ఒక సందున బయటికి పోవు వెచ్చని గాలిని, ప్రక్క సందున లోనికి వచ్చు చలిగాలిని ఎదురెదురుగా నడిపినారు. గాలులు కలియవు, వేడి మాత్రము చేతులు మారును. రోజున కొలిమి అక్కరలేక ఆ ఇల్లు చలికి నిలిచినది.

ఆ ఇంటిపై పెట్టిన సౌరఫలకముల కథ మాత్రము వేరు. ఖరీదు ఎక్కువ, చిక్కులు ఎక్కువ. కొంతకాలమునకు వాటిని తీసివేసినారు. గోడలలోని దూది, ప్లాస్టికు పొర, గాలిపెట్టె - ఈ మూడును నిలిచినవి. చూపరులు మెచ్చినది ఫలకములను, ఇంటిని కాచినది దూదిని.

ఈ అనుభవము అట్లాంటికును దాటినది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరమున వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, స్వీడను దేశీయుడు బొ ఆదామ్సన్‌తో 1988లో చేసిన ఆలోచనల ఫలితముగా, 1991లో నాలుగు వరుస ఇండ్లు కట్టించినాడు. పాసివ్‌హౌస్ అను పేర అవి లోకప్రసిద్ధి పొందినవి. చదరపు మీటరుకు సంవత్సరమునకు 15 కిలోవాట్ గంటలకు మించని వేడి - ఇది వారి నియమము. కిటికీలకు మూడు అద్దములు, గాలిపెట్టెకు నూటికి 80 పాళ్ళ వేడిని మరలించు శక్తి.

ఆ పెట్టె ఎంత ముఖ్యమైనదో లెక్కించి చూడవచ్చును. ఒక్కొక్క మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల కొత్తగాలి కావలెననుకొన్నచో నలుగురికి 120. ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు మూడింట ఒక వాట్ గంట చాలును. బయట సున్నకు క్రింద 30, లోపల 20 డిగ్రీలు, భేదము 50. అనగా ఊపిరి కొరకే 2000 వాట్లు నిరంతరము ఖర్చు. పెట్టె యున్నచో 400. ఇట్టి లెక్క చేసినవారు ముందుగా గోడ, తరువాత సందు, తరువాత గాలిపెట్టె, చివరకు కొలిమి అను వరుసను పాటించిరి. కొలిమిని ముందు కొన్నవారు పెద్దది కొని చిన్న పనికి వాడవలసివచ్చినది.

సందులు మూయుటలో ప్రాణాపాయము కూడ ఉన్నది. మన ప్రాంతమున చలి తక్కువ, కాని లేకపోలేదు. 1946 జనవరిలో బేగంపేటలో 6.1 డిగ్రీలకు దిగినది. చలిరాత్రులలో బొగ్గుల కుంపటిని పడకగదిలో పెట్టి తలుపు మూసికొనుట నేటికిని కొన్నియిండ్ల అలవాటు. అరకొరగా మండిన బొగ్గునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ప్రాణవాయువు కన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిద్రించినవారు నిద్రలోనే పోవుదురు. ఫ్లూగె ప్రయోగము ఇక్కడ వర్తించదు. ఇది చర్మము విషయము కాదు, రక్తము విషయము. కుంపటి ఇంటి బయట వెలిగించవలసినది, లోపల కాదు.

ఇక అబ్దుల్లాపూర్‌మెట్ ఇంటికి తిరిగి వచ్చి అదే లెక్క వేయవచ్చును. మే మధ్యాహ్నము బయట 40, లోపల 28; భేదము 12 మాత్రమే. నలుగురి ఊపిరికి అయ్యెడి భారము 500 వాట్ల లోపు. కప్పునుండి దిగునది 9000 వాట్లు, అనగా రెండున్నర టన్నుల ఏ.సి. పని. రెజైనాలో గాలిపెట్టె రాజు. ఇచట కప్పు రాజు. చలిదేశపు పరికరముల జాబితాను తెచ్చి యథాతథముగ ఇచట వాడినచో ఖర్చు మిగులును, చల్లదనము మిగులదు. అక్కడినుండి తెచ్చుకొనదగినది ఆ వరుసను నిర్ణయించిన పద్ధతి.

ఈ పద్ధతికి హైదరాబాదులోనే కొలతలున్నవి. 2006-07లో నగర ప్రాంతమున ఒక కార్యాలయ భవనముపై అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థకు చెందిన విశాల్ గార్గ్ మొదలైనవారును, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారును కలిసి పరిశీలన జరిపినారు. నల్లని కప్పునకు తెల్లపూత వేయగా కప్పు చదరపు మీటరుకు సంవత్సరమునకు 20 నుండి 22 కిలోవాట్ గంటలు ఆదా అయినది. మామూలు కాంక్రీటును తెల్లగా చేసినప్పుడు 13, 14. డంగు సున్నము వేసినవారికి ఈ ఫలితము వింత కాదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. భారతదేశములో ఒక రాష్ట్రము ఇట్టి విధానము చేయుట విశేషమే.

రెండవ కొలత మనుష్యులది. 2008 వేసవిలోను, వర్షాకాలపు ఆరంభమునను మాధవి ఇంద్రగంటి హైదరాబాదులోని ఏ.సి. లేని 45 అపార్టుమెంటు ఇండ్లలో దాదాపు వందమందిని మరల మరల ప్రశ్నించి, అదే సమయమున గది ఉష్ణోగ్రతను, తేమను, గాలివేగమును కొలిచినారు. దాదాపు 4000 జవాబులు పోగైనవి. సరిపోయినదని జనులు చెప్పిన ఉష్ణోగ్రత 29.23 డిగ్రీలు, 26 నుండి 32.45 వరకు వారు సుఖముగనే ఉన్నారు. ఆనాటి జాతీయ భవన నియమావళి మాత్రము 23 నుండి 26 మధ్య నుండవలెనన్నది. నియమావళి శీతలదేశపు కార్యాలయపు చొక్కా తొడిగికొన్నది. ఇండ్లవారు పంకా వేసికొని, నూలుబట్ట కట్టుకొని, కిటికీ తెరచినారు. పై అంతస్తువారు మాత్రము క్రిందివారికన్న ఎక్కువ బాధపడినారు. కారణము మరల కప్పే. 2020 జనవరి 1 నుండి కొత్త ఏ.సి. యంత్రములు 24 డిగ్రీల వద్ద ఆరంభము కావలెనని కేంద్రప్రభుత్వము నియమించినది. ఈ కొలతలు చూచినవారికి అదియు తక్కువే అనిపించును. 28 వద్ద పెట్టి పంకా త్రిప్పుట ఈ ఊరి శరీరములకు చాలును.

మూడవది, కొండాపురము దగ్గర 2004 జూలైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించిన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు. కరణ్ గ్రోవర్ దాని స్థపతి. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు మొదట పొందిన భవనము ఇదే. నడుమ గుండ్రని మండువా, చిల్లులుచెక్కిన జాలీ గోడలు, కప్పుపై పచ్చిక తోట, రెండు ఎత్తైన గాలిగోపురములు. మన భాషలో గాలిగోపురమనగా గుడి ముందరి గోపురము. ఇచట ఆ మాటకు అక్షరార్థము సిద్ధించినది. గోపురము పైన పట్టిన గాలిని నీటితో తడిపి, కొన్ని డిగ్రీలు చల్లార్చి, ఏ.సి. యంత్రమునకు అందించుదురు. యంత్రము అక్కడ ఉన్నది గాని అన్నిటికన్న చివర ఉన్నది. వట్టివేళ్ళ తడిక, మిద్దె మన్ను, మండువా, మూడును కొత్త బట్టలతో మరల వచ్చినవి.

అట్టి భవనము కట్టుటకు డబ్బు గలవారు వేరు, ఇనుపరేకు కప్పు క్రింద అద్దెకుండువారు వేరు. 2015 వేసవిలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా చనిపోయినారు. ఎండలో పనిచేయువారు, ముసలివారు అందు అధికము. రేకు కప్పుకు ఆలస్యము అనునది లేదు. ఎండ తగిలిన కొద్ది నిమిషములలో అది లోపలివారి తలపై ప్రసరించును. అట్టి కప్పునకు తెల్లపూత వేయుటకు కొన్ని వందల రూపాయలును, ఒక ఉదయమును కావలెను. దుమ్ము పట్టి తెలుపు మాసిపోవును గనుక ఏటేట ఉగాదికి ఇల్లు సున్నము వేయించునప్పుడు కప్పును కూడ ఎక్కవలసియుండును.

ఏనుగుల బావి ప్రక్క సరాయి గదులు చాలవరకు పాడుపడినవి. రహదారిపై బస్సు దిగి మే నెల మూడుగంటలకు ఆ కమానుల క్రిందికి నడచినవారికి, ఉష్ణమాపకము చేతనుండిన పక్షమున, బయటికిని లోపలికిని భేదమెంతయో అక్కడికక్కడే తెలియును. ఉన్నతపాఠశాల విద్యార్థులు దానిని వ్రాసికొని, అదే సాయంకాలము నాలుగున్నరకు తమ ఇంటి కప్పు క్రింద మరల కొలిచి చూడవచ్చును.